మల్లికి మంచు తెచ్చిన దావూద్

జగిత్యాల వైపు నుంచి సౌదీకి వెళ్లిన ఏసీ మెకానిక్ పీరయ్యకు అల్ ఖోబర్ సముద్రతీరంలోని ఒక వినోదాల పార్కులో పని దొరికింది. అక్కడున్న చల్లనీటి తొట్టి మిషన్‌ను కనిపెట్టుకుని ఉండడమే ఆ పని. తొట్టిలో ఉన్నది ఒకే ఒక సీల్. ఉత్తర ధ్రువపు మంచు సముద్రాల్లో బతికే జాతి. నల్లటి వీపు మీద వెండి రింగులు, పిల్లి మీసాలు, గుండ్రటి కళ్లు. దానికి మేత పెట్టే నార్వే ఆవిడ ఇంగ్రిడ్ ఏదో పేరు పెట్టింది కానీ, ఆ పేరుకు నోరు తిరగక పీరయ్య మల్లి అనేవాడు.

మల్లి నీళ్లలోనే నిద్రపోయేది. నిద్రలోనే మెల్లగా పైకి తేలి, బుస్సుమని ఊపిరి పీల్చి, కళ్లు తెరవకుండానే అడుక్కి దిగేది. పీరయ్య అన్నం గిన్నె తెచ్చుకుని, అది చూస్తూ తినేవాడు.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైంది. ఖోబర్ మీదికి క్షిపణులు వచ్చాయి. ఇంగ్రిడ్‌ను వాళ్ల దేశంవాళ్లు తీసుకెళ్లిపోయారు. వీసాలిచ్చిన యజమాని కఫీల్ పనివాళ్లను దేశానికి ఆ చివరనున్న యాన్బు ఊరికి పంపడానికి బస్సు పెట్టాడు. పీరయ్య ఎక్కలేదు. పార్కుకు చేపలు తెచ్చే కడప డ్రైవరు దావూద్ ఆ సంగతి విని పరుగున వచ్చాడు.

"నీకేమన్నా పిచ్చా పీరన్నా? గ్యాసు మాస్కులు కట్టుకోని జనం పారిపోతాంటే నువ్వీడ కూర్చుంటివే!"

"మిషన్ బందైతే నీళ్లు ఎచ్చగైతయి భాయ్. మల్లి బతుకదు. ఎట్ల ఇడిసిపోవాలె?"

దావూద్ కూడా ఉండిపోయాడు.

భయపడ్డట్టే ఫిబ్రవరిలో నీళ్లు చల్లబరిచే కంప్రెసర్ పట్టేసి ఆగిపోయింది. కొత్త పార్టు తెప్పిద్దామంటే ఓడలన్నీ సైన్యం సరుకుతోనే వస్తున్నాయి. నీళ్లు వేడెక్కాయి. మల్లి చేప ముట్టలేదు. తొట్టి గట్టు మీద నోరు తెరుచుకుని పడుకుంది. పీరయ్యకు ఏడుపొచ్చింది.

దావూద్‌కు చేపల మార్కెట్ ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. యుద్ధం వల్ల, సముద్రం మీద తేలుతున్న ముడిచమురు వల్ల పడవలు కదలడం లేదు. ఐసు కొనేవాడే లేడు. అక్కడి మేనేజర్ గులాం మొహిద్దీన్ హైదరాబాదీ. విషయం చెప్పగానే, "తీస్కపోండి మియా, జానవర్ ప్రాణం కూడా ప్రాణమే కదా," అన్నాడు.

దావూద్ లారీ నిండా దిమ్మలు తెచ్చాడు. ఇద్దరూ గోనెసంచులు భుజాన వేసుకుని మోసి తొట్టిలో దించారు. నీళ్ల పైభాగమంతా ఐసు పరుచుకుంది. మల్లి కిందికి మునిగింది. ఎంతసేపటికీ పైకి రాలేదు.

"ఊపిరాడక సచ్చిందేమో భాయ్," అంటూ పీరయ్య తొట్టి మీదికి వంగాడు.

అంతలో అడుగు నుంచి గరగరమని చప్పుడు. రెండు దిమ్మల సందును మల్లి ముందుకాళ్ల గోళ్లతో గీకుతోంది. సందు బొక్కయింది. అందులోంచి తడిసిన ముక్కు బయటికి వచ్చి బుస్సుమంది.

"ఇంగ్రిడమ్మ చెప్పింది, ఇది తొట్టిలనే పుట్టిందట. మంచు ఎన్నడు సూడలే. ఇట్ల బొక్క చేసుడు ఎవరు నేర్పిండ్రు దీనికి?"

"నేర్పినోడు పైనున్నాడు లేప్పా," అన్నాడు దావూద్, కళ్లు తుడుచుకుంటూ.

పార్టు వచ్చేదాకా రోజూ ఐసు వచ్చింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన ఇంగ్రిడ్ చేపలు తింటున్న మల్లిని చూసి పీరయ్య చేతులు రెండూ పట్టుకుని థాంక్స్ చెప్పింది. అతను ఆమెను దావూద్ దగ్గరికి తీసుకెళ్లాడు. "ఈయనకు చెప్పుండ్రి," అన్నాడు.

ఆ వేసవిలో పార్కు మూతపడింది. ఇంగ్రిడ్ మల్లిని తన దేశానికి తీసుకెళ్లింది. పీరయ్య ఖోబర్‌లోనే మరో కంపెనీలో చేరాడు. కొన్నేళ్లకు ఆ కంపెనీ ఆఫీసుకు ఇంగ్రిడ్ ఫోన్ చేసింది. మల్లి ఈనిందట. ఒంటినిండా తెల్లటి బొచ్చుతో పిల్ల పుట్టిందట.

పీరయ్య జిలేబీ కట్టించుకుని, దావూద్‌ను వెంటబెట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాడు. గులాం మొహిద్దీన్ నోట్లో మొదటి ముక్క పెట్టాడు.

"ఏం ఖుషీ మియా?"

"మల్లికి బిడ్డ వుట్టింది సాబ్. మీ ఇద్దరి పుణ్యం."

ముగ్గురూ ఐసు గది మెట్ల మీదే కూర్చుని పొట్లం ఖాళీ చేశారు.