తీసి పెట్టమన్న వాల్వు

మా పేటలో ఎవరైనా పుస్తకం చేతపడితే చాలు, "ఇంజన్ మింగిన చదువు" అని ఇప్పటికీ నవ్వుతారు. ఆ ఇంజన్ మా బావ కారుది. దాన్ని మింగింది చదువు కాదు, ఒక్క తెలుగు మాట. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. బావ నోరు విప్పడు కాబట్టి నేను రాసిపెడుతున్నాను.

పందొమ్మిది వందల యాభై దాటిన నాలుగైదేళ్లకు జరిగింది. మరాఠీ ఊళ్లో మన తెలుగు నేతగాళ్లుండే భవాని పేటలో నేను పగలు మగ్గం నడిపి, సాయంత్రాలు లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మోటారు పుస్తకాలు చదివే నేతగాణ్ణి పేటలో నేనొక్కణ్ణే. ఆ మాట ఎవరినీ మరిచిపోనిచ్చేవాణ్ణి కాదు. జోడ్‌భావి పేటలో ఉండే బావ ఒక పాత కారులో యాత్రికులను తుల్జాపూరుకు, పండరికి తిప్పేవాడు. అక్క బీడీలు చుట్టేది గాని, ఇల్లు నడిచేది ఆ కారు మీదే.

ఇంకో కిరాయి కారు డ్రైవరుతో బావకు పంతం పడింది. హోట్గి రోడ్డు మీద నిలిచిన చోటు నుంచి బండి లేపి, అర మైలు తిన్నగా ఎవరు ముందు దాటుతారని. అక్క నన్ను పిలిపించింది.

"తమ్మీ, ఆయన నా మాట ఇనడు. ఇంజనుకు ఏమన్న అయితే మేమేం తినాలె? నీ బుకులల్ల దానికేమన్న ఉపాయం ఉందా?"

ఉంది. కారు ఒక్కసారిగా దూకినప్పుడు ఇంజన్ అడుగున ఉన్న నూనె వెనక్కి పోతుంది. ముందున్న పీల్చే గొట్టానికి గాలి తప్ప ఏమీ అందదు. ఆ కొన్ని క్షణాల్లోనే బేరింగులు కాలిపోవచ్చు. దానికి విరుగుడు బొమ్మతో సహా దొరికింది: ఆయిల్ అక్యుములేటర్. ఒక సిలిండరు, లోపల పిస్టను. పిస్టనుకు ఒక పక్క గాలి, ఇంకో పక్క నూనె. ఇంజన్ నడుస్తుంటే పంపు అందులోకి నూనె నెట్టి గాలిని అదుముతుంది. ఒత్తిడి పడిపోగానే ఆ గాలి నూనెను తిరిగి బేరింగులకు తోస్తుంది.

తుక్కు దుకాణానికి వెళ్లి అడిగితే, దుకాణదారు రేడియో బ్యాటరీ తెచ్చి ముందు పెట్టాడు. "అక్యుములేటర్ అంటే గిదే గదా భాయ్!" బొమ్మ గీసి చూపాక సిలిండరు తీశాడు, యుద్ధంలో మిగిలిన సైన్యపు సామానులోంచి కరెంటు వాల్వు ఒకటి వెతికి ఇచ్చాడు. కరెంటు అందితే అది తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. సిలిండరుకూ ఇంజనుకూ మధ్య నూనె గొట్టంలో దాన్ని బిగించాను; అది మూసుకుంటే సిలిండరులో నూనె బేరింగులకు చేరదు.

బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి స్టీరింగు పక్కన స్విచ్చుకు, స్విచ్చు నుంచి వాల్వుకు తీగ లాగాను. వాల్వు రెండో తీగను కారు ఇనుముకు బిగించాను. సిలిండరు గాలి పక్కకు సైకిలు పంపుతో గాలి కొట్టాను. పరీక్షకు మూడుసార్లు నడిపాం. మూడుసార్లూ పక్కన కూర్చుని స్విచ్చు వేసింది నేనే. ఆయిల్ మీటరు ముల్లు కిందికి పడలేదు.

పందెం నాటి పొద్దున బరువు తగ్గాలని బావ నన్ను దింపేశాడు. ఇంజన్ నడుస్తోంది, స్విచ్చు వేసే ఉంది. కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

"బామ్మర్దీ, నీ డబ్బాను ఏం చెయ్యాలె?"

"తీసి పెట్టు బావా! గీత దాటేదాక తీసే ఉండాలె!"

ఆయన చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. సరిగా ఉందో లేదో తడుముతున్నాడనుకున్నాను. అంతలో ఎవరో రుమాలు దించారు.

కారు దూకింది. సగం దారి పోకముందే, మగ్గంలో తోవ తప్పిన షటిల్ కొట్టుకున్నట్టు టకటకమని చప్పుడు. తువాలు ఊపుతూ, ఆపమని అరుస్తూ వెంట పరిగెత్తాను. ఊపుతున్నకొద్దీ ఉత్సాహపరుస్తున్నాననుకుని జనం నాతో కలిసి "శాబాష్" అని కేకలేశారు. బావ కూడా అద్దంలో నన్ను చూసి ఇంకా తొక్కాడట. గీతకు ఇవతలే కారు పొగలో ఆగిపోయింది. హ్యాండిల్ పెట్టి ఇద్దరం బలంకొద్దీ తిప్పినా ఇంజన్ కదల్లేదు.

స్విచ్చు చూశాను. ఆపేసి ఉంది.

"ఎందుకు బంద్ చేసినవ్ బావా?"

"నువ్వే గదా తీసి పెట్టుమన్నవ్!"

"వాల్వు తియ్యిమన్న. తలుపు తీసినట్టు."

"తలుపుకు స్విచ్చు ఉంటదా? లైటు తియ్యిమంటే నువ్వేం చేస్తవ్ రా?"

ఆర్పుతాను. మా ఇళ్లల్లో ఎవరైనా అదే చేస్తారు. రోడ్డు పక్కన కూలబడ్డాను. ఏ పుస్తకం తెరిచినా ఆ బేరింగులు తిరిగి రావు.

ఇంటికి చేరాక బావ అక్కతో, "ఇంజన్ పాతది, దానంతటదే పోయింది" అన్నాడు. నేను పక్కనే నిలబడి చేతుల నూనె తువాలుకు తుడుచుకున్నాను.

మేలు చేసినవాళ్లకు దండం పెట్టుకోవాలి. పేర్లు వద్దని బావ అన్నాడు కనుక వరసలతోనే చెబుతాను. నిఘంటువు ఇంటికి తీసుకుపోనిచ్చిన లైబ్రరీ గుమాస్తాకు. గెలిచి కూడా వెనక్కి వచ్చి, తన కారుకు తాడు కట్టి మా కారును ఇంటిదాకా లాగిన డ్రైవరుకు. ఆ తర్వాత ఆ డ్రైవరు కిందే జీతానికి కుదిరి, నన్ను ఒక్కనాడూ తప్పుపట్టని బావకు. చివరిగా అక్కకు. ఆ ఏడాదంతా ఆమె ఒళ్లోంచి బీడీల చేట దిగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.