కాలు ఊపద్దప్పా

కారులో టర్బో అనే భాగం ఇంజన్‌లోకి గాలిని ఎంత ఒత్తిడితో నెడుతోందో చూపించే మీటరు ఒకటి ఇంట్లోనే తయారుచేశాను. కారుకు తగిలించనప్పుడు అది సున్నా దగ్గర ఆగాలి. ఆగేది కాదు. సెన్సరు మార్చాను, కోడు తిరగరాశాను. ఆ రోజు బొమ్మసంద్ర బస్సులో దాన్ని పవర్‌బ్యాంకుకు కలిపి ఒళ్ళో పెట్టుకున్నాను. ట్రాఫిక్‌లో బస్సు కదలడం లేదు గానీ అంకెలు మాత్రం గంతులేస్తున్నాయి. కిటికీలోంచి విసిరేద్దామన్నంత చిరాకు వచ్చింది.

పక్కసీట్లో అవ్వ ఒకామె తొంగిచూసింది.

"బీపీ మిషనా అప్పా?"

"కాదవ్వా, కారుకు."

"కారుకూ బీపీ ఉంటాదా?" అని నవ్వి, నా మోకాలి మీద అరచెయ్యి గట్టిగా ఆనించింది. "కాలు ఊపద్దప్పా. ఇంటికి మంచిది కాదు."

ఊపుతున్నట్టు నాకే తెలీదు. కాలు ఆగింది. అంకె సున్నా దగ్గర నిలబడింది. లోపల ఒక తీగ అతుకు వదులుగా ఉండి, నా కాలితో పాటే ఊగుతోందన్నమాట. ఇంట్లో బల్ల దగ్గరా ఇదే జరిగి ఉంటుంది.

ఆ సాయంత్రమే అతుకు సరిచేశాను. ఇప్పుడు సిగ్నల్ పడితే కార్లో మీటరు బుద్ధిగా ఉంటుంది, నా కాలే ఊగుతుంది. అప్పుడప్పుడు మోకాలి మీద చెయ్యి వేసి చూస్తాను. నా చేతికి అది ఆగదు.