సల్మాబాద్ ఆఫీసు బయట తాతయ్య

నా చిన్నప్పుడు, మేము గల్ఫ్‌లో, మనామాలో ఉండగా, ఒక ఎండాకాలం మా తాతయ్య వచ్చారు. గుంటూరు వైపు పేరున్న ప్లీడరు, రెండుసార్లు ఎమ్మెల్యే, కోర్టు ముచ్చట్లతో పుస్తకాలు కూడా రాసిన మనిషి. ఊళ్ళో తెల్లారేసరికి ఆయన వరండా నిండా జనం. ఇక్కడ తలుపు తట్టేవాళ్ళే లేరు. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతూ ఉండేవారు. రాసుకుందామని కూర్చుంటే కలం సాగేది కాదు. ఆయన్ని చూస్తుంటే నాకూ కాలు నిలిచేది కాదు.

ఈయన సంగతి ఎవరి ద్వారానో విని, ఒక శుక్రవారం సల్మాబాద్ కూలీల క్యాంపు నుంచి ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి. ఊళ్ళో తల్లికి సీరియస్‌గా ఉంది, పాస్‌పోర్టేమో కంపెనీ దగ్గర ఉంది, అడిగితే ఇవ్వడం లేదు.

"మీరు ఎమ్మెల్యే అంట గద సార్, మా మేనేజరుకు ఒక్క మాట చెప్పుండ్రి. అమ్మను సూస్తనో లేదో" అన్నాడు.

తాతయ్య ముఖం వెలిగిపోయింది. పాపం, ఆ మనిషి కష్టానికి కాదు, తన అవసరం ఒకరికి పడినందుకు.

మర్నాడు ఇస్త్రీ పంచె కట్టుకుని, మేస్త్రీతో కలిసి సల్మాబాద్‌లోని కంపెనీ ఆఫీసుకు బయల్దేరారు. ఆయనకు హిందీ రాదని నన్నూ తీసుకెళ్ళారు. మా తాతయ్య ఎమ్మెల్యే అని నేను గర్వంగా చెబితే, గుమాస్తా తలైనా ఎత్తకుండా బయట కూర్చోమన్నాడు. బయటంటే రేకుల కింద ఒక బల్ల. తాతయ్య కూర్చున్నారు, లేచారు, వాచీ చూసుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు. లోపల నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటింది. నాకు ఏడుపొచ్చింది. మేస్త్రీ మాత్రం అలవాటైనవాడిలా కదలకుండా ఉన్నాడు.

"ఇట్లా ఎన్నిసార్లు కూర్చున్నావయ్యా?" అని అడిగారు తాతయ్య.

"లెక్క వెట్టలె సార్."

తాతయ్య ఇంక లేవలేదు. నా వైపు తిరిగి అన్నారు, "మన వరండాలోనూ జనం ఇట్లాగే కూర్చునేవాళ్ళమ్మా. నేను లోపల తీరిగ్గా పేపరు చదువుకునేవాణ్ణి."

ఆ రోజు పిలుపు రాలేదు. మర్నాడూ వెళ్ళాం, ఆ తర్వాతా వెళ్ళాం. రోజూ ఈ ముసలాయన్ని గుమ్మం ముందు చూడలేకే కాబోలు, చివరికి మేనేజరు పాస్‌పోర్టు ఇచ్చేశాడు. మేస్త్రీ ఊరు చేరేసరికి తల్లికి మాట పడిపోయిందట. కొడుకుని గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుంది, పిలవలేకపోయింది.

ఇప్పుడు మనామా దగ్గరే ఈసా టౌన్‌లో నాకొక పళ్ళ క్లినిక్ ఉంది. బయట ఎవరైనా కూర్చున్నారని తెలిస్తే నాకు కుదురుండదు. లేచి వెళ్ళి, ఎంతసేపు పడుతుందో నేనే చెప్పి వస్తాను. పంటి నొప్పికి అంత హడావిడి ఎందుకని మావాళ్ళు నవ్వుతారు. తలుపు అవతల కూర్చున్న మనిషి కోసం ఎక్కడో ఎవరి మాట ఆగిపోతోందో, మనకేం తెలుసు?