చివరి చాప మీద అయ్యగారు

మా ఊరి పాస్టరుగారు సూర్యాపేటలో నేనున్న బోర్డింగు బడికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, అయ్యగారు పోయిండ్రు" అన్నారు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మా అయ్యగారు ఈయనే కదా, నా ఎదురుగానే ఉన్నారు కదా అనుకున్నాను. ఆయన కళ్ళు చూశాక తెలిసింది. పోయింది ఈయనకు ముందున్న మా పెద్దయ్యగారు. కోదాడలో, తన కూతురి ఇంట్లో.

ఈ పత్రిక చదివే మీలో ఆయన చేత బాప్తిస్మం పొందినవారు ఉంటారు. ఆయన మంచితనం నాకంటే మీకే ఎక్కువ తెలిసి ఉంటుంది. నేను చూసింది కొంచెమే. అందులోనూ ఒక సంగతి నాకింకా తేలలేదు. అదే రాస్తున్నాను.

మాది దామరచర్ల దగ్గర పల్లె. మా నాయన చెప్పులు కుడతాడు. ప్రతి క్రిస్మసుకూ అయ్యగారికి ఒక జత కుట్టి ఇచ్చేవాడు. ఆయన పొలాల వెంట, ముళ్ళ దారిలో, ఆ చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేవారు. దొర ఇంటి బజారు మొదట్లోకి రాగానే కింద పెట్టి తొడుక్కునేవారు. మా వాళ్ళంతా చెప్పులు విడిచి చేతపట్టుకునే చోటు అది.

"అందరు ఈడ ఇడుస్తరు. మీరు ఈడనే తొడుగుతరేందయ్యా?" అని నాయన భయపడుతూ అడిగాడు.

"నీ పనితనం పెద్దోళ్ళు సూడొద్దా మరి?" అని ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ పోయారు.

మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషిని నేను. చర్చి అరుగు మీద ఇసుక పోసి ఆయనే నేర్పించారు. చదవడం వచ్చాక, "ఈ పిల్లను సూర్యాపేట బోర్డింగులో ఏస్త. టీచరమ్మ అయితది" అని నాయనతో అన్నారు. నాయన ఆ మాటను పట్టుకునే నాకు వచ్చిన సంబంధాలు వెనక్కి పంపుతూ వచ్చాడు.

అంతలో కాన్ఫరెన్సులో బిషప్పుగారు నియామకాలు చదివారు. పెద్దయ్యగారికి విశ్రాంతి, ఆయన స్థానంలో కొత్త పాస్టరు. కొత్తాయన భార్యతో, చంటిబిడ్డతో బండి కట్టించుకుని వచ్చేశారు. పెద్దయ్యగారు మాత్రం కదలలేకపోయారు. అప్పుడు రోడ్లన్నీ భయం. పగలు రజాకార్లు, చీకటి పడితే దళాలు. మిర్యాలగూడ నుంచి కోదాడకు బస్సు నడుస్తుందో లేదో చెప్పగలిగినవారు లేరు. అలా ఒకే ఇంట్లో ఇద్దరు అయ్యగార్లు అయ్యారు.

"ఇగ మజ్జిగ ఎవరికియ్యాలె?" అంది మా అమ్మ.

"పాతాయనకే ఇయ్యి. కొత్తాయనకు ఇంక మీసాలే సరిగ రాలే. గాయన మనకు వాక్యం జెప్తడా?" అంది పక్కింటి పెద్దమ్మ.

ఎవరేం తెచ్చినా పెద్దయ్యగారు ముట్టుకునేవారు కాదు. "లోపల అమ్మగారికి ఇయ్యండ్రి" అని గుమ్మం చూపించేవారు. చర్చిలోకి వెళ్ళి మగవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చునేవారు. చెవులు వింటున్నా, వేళ్ళు మాత్రం ఆ చాప అంచున లేచిన ఈతాకులను సర్దుతూ ఉండేవి.

కొత్త పాస్టరుగారు "కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అనగానే మేమంతా వెనక్కి తిరిగి చూసేవాళ్ళం. పెద్దయ్యగారు కళ్ళు మూస్తే మేమూ మూసేవాళ్ళం. ఎవరూ అనుకుని చేసింది కాదు, అలా అయిపోయింది. ఇది గమనించి ఒక ఆదివారం పెద్దయ్యగారు ముందు వరుసలోకి వచ్చి కూర్చున్నారు. కొత్తాయన ఆయనను ఎదురుగా చూసి చదువుతున్న వాక్యం మధ్యలో తడబడ్డారు. మరుసటి ఆదివారం పెద్దయ్యగారు మళ్ళీ చివరి చాప మీదకే వెళ్ళిపోయారు.

"నన్ను సూసుకుంట మీరు దేవునితోని ఏం మాట్లాడ్తరు?" అని బయట పెద్దమ్మను కోప్పడ్డారు.

"దేవునికి మా మాట ఇనబడ్డదో లేదో మీ మొకం సూస్తేనే తెలుస్తదయ్యా" అంది పెద్దమ్మ.

నా సంగతి అప్పుడే చిక్కుల్లో పడింది. మాడుగులపల్లి నుంచి ఒక సంబంధం వచ్చి కూర్చుంది. వాళ్ళు ఆగేట్టు లేరు. నేను ఏడుస్తూ పెద్దయ్యగారి దగ్గరకు పోతే, "అయ్యగారిని అడుగమ్మా" అన్నారు. మేము పిలగాడు అనుకునే మనిషిని ఆయన అయ్యగారు అన్నారు. ఆ పిలుపు కంటే, నన్ను అలా పంపేయడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక నాయన లేచాడు. "అయ్యా, నా బిడ్డ సూర్యాపేట పోవాల్నా, పెండ్లి జెయ్యాల్నా? మీరెట్లంటె అట్ల" అన్నాడు. ఆ మాట అన్నది కొత్తాయన ముందు నిలబడి, చూపు మాత్రం వెనకకు. అందరి చూపూ వెనకకే.

పెద్దయ్యగారు లేచారు. చెప్పులు చేతిలోకి తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ చాప ఖాళీ అయ్యాక మేము ముందుకు తిరగక తప్పలేదు. కొత్త పాస్టరుగారు నన్ను నిలబెట్టి ఒక కీర్తన చదవమన్నారు. తప్పు లేకుండా చదివాను. అప్పుడు ఆయన నాయనతో, "పెండ్లి ఆగుతది. బస్సులు నడిసిన దినం నేనే ఎంబడి తోల్కపోత" అన్నారు.

ఆ మాట నిలబెట్టుకున్నారు. సైన్యం వచ్చి, రోడ్లు తెరుచుకున్నాక నేను సూర్యాపేటకు, పెద్దయ్యగారు కోదాడకు బయల్దేరాం. మిర్యాలగూడలో బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు ధైర్యం చేసి పెద్దయ్యగారిని మెల్లగా అడిగాను. "ఆ దినం కొత్తయ్యగారు చదువు వద్దంటే మీరు ఏం చేద్దురు?"

"ఏమోనమ్మా. నాకూ తెల్వదు. గోడ అవతల నిలబడి ఇంటనే ఉన్న" అన్నారు. కోదాడ బస్సు వచ్చింది, ఎక్కారు. అదే ఆఖరి మాట.

ఆయన నన్ను నమ్మి బయటికి వెళ్ళారా, ఆ పాస్టరుగారిని నమ్మి వెళ్ళారా? ఎవరినీ నమ్మలేకనే వెళ్ళారా? ఆయన చేసింది నాకు మేలే. అయినా ఆ వెళ్ళిపోవడం తలచుకుంటే కృతజ్ఞత, కోపం రెండూ ఒక్కచోటే ఉన్నాయి. వాటిని విడదీయడం నాకు తెలియడం లేదు.

మొన్న ఆదివారం ఆయన జ్ఞాపకార్థం మా ఊరి చర్చిలో కూడుకున్నాం. ఎవరు పరిచారో, చివరి చాప పరిచే ఉంది. మగవాళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు గానీ దాని మీద ఎవరూ కూర్చోలేదు. పాస్టరుగారు "కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరం వెనక్కి తిరిగాం. అంచున ఈతాకు ఒకటి లేచి ఉంది.

ప్రార్థన మొదలుకాలేదు. ఎందుకా అని ముందుకు చూశాను. పాస్టరుగారు కూడా అటే చూస్తున్నారు.