పూడ్చిన మగ్గం గుంట

కొడకండ్లలో మా ఇల్లు ఒక్కటే గది. అందులో సగం బాపు మగ్గం గుంటే. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థనకు వచ్చిన చర్చి అవ్వలు ఆ గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చునేవాళ్లు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించిన మర్నాడు బాపు పార పట్టుకున్నాడు. “మన రాష్ట్రంల నేతగాళ్లకు షెడ్లు కట్టిస్తరట. గిది పూడ్చుదామా బిడ్డా?”

“నమ్మినంక అనుమానమేంది బాపూ” అన్నాను. ప్రార్థన చేసి నేనే మన్ను మోశాను.

రెండు వారాలకే ఢిల్లీ మాట మార్చింది. మళ్లీ తవ్వుదామన్నాను.

“దేవుని పేరు మీద పూడ్చినం. తవ్వితే నలుగురు నవ్వుతరు” అని బాపు కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోయడానికి పోయాడు.

రాష్ట్రం వచ్చేనాటికి ఆయన లేడు. దేవుని మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. సర్కారు మాటను కూడా అట్లాగే నమ్మమన్నది మాత్రం నేనే.