రూతమ్మ టీచర్ ఇచ్చిన తక్కెడ

కల్లూరులో కొత్తగా తెరిచిన బొమ్మల దుకాణంలో ఒక పెట్టె చేతిలోకి తీసుకోగానే అందులోని చిలుక గట్టిగా ఇంగ్లీషులో అంకెలు చదవడం మొదలుపెట్టింది. ఆపే మీట ఎక్కడుందో తెలియలేదు. మనవడికి మూడో ఏడు వస్తోంది. "ఆడుకుంటూ నేర్చుకునేది ఏదైనా తీసుకో నాన్నా" అని మా అమ్మాయి స్వాతి ఫోనులో చెప్పింది. అరల నిండా అలాంటివే ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా వయసు రాసి ఉంది, తెలివి పెరుగుతుందని కూడా రాసి ఉంది. ఏది తీయాలో తోచక నిలబడ్డాను. ఆ చిలుక గోలలో రూతమ్మ టీచర్ గుర్తుకొచ్చింది.

నేను ఎర్రగుంట్లలో పత్రికా విలేకరిగా ఉన్న రోజుల్లో ఆమె మా పక్కింటావిడ. ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పి రిటైరైంది. అప్పట్లో స్వాతికి మూడేళ్లు దాటినా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, కొంతకాలం ఆగి చూడమని డాక్టరు అన్నాడు. ఆగడం నాకు చేతకాలేదు. కడప వెళ్లినప్పుడల్లా ఒక బొమ్మ తెచ్చేవాణ్ని: పాటలు పాడే ఎలుగుబంటి, మీట నొక్కితే అక్షరాలు పలికే పలక. అవి పలుకుతుంటే స్వాతి వింటూ కూర్చునేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ టీచర్ మా గడప దగ్గర ఆగింది.

"ఏమప్పా, మీ ఇంట్లో బొమ్మలన్నీ మాట్లాడ్తాండాయి. ఇంగ పిల్లకు సందు యాడుండాది?"

"నేర్చుకుంటాదని తెచ్చినా టీచరమ్మా."

"నేర్చుకుంటాండాదిలే, నోరు మూసుకోని ఇనేది."

క్రిస్మస్‌కు వీధి పిల్లలందరికీ ఏదో ఒకటి ఇవ్వడం ఆమె అలవాటు. ఆ ఏడు స్వాతికి రెండు డబ్బా మూతలకు దారాలు కట్టి చేసిన తక్కెడ ఇచ్చింది. దీంతో ఏం నేర్చుకుంటుందని అడిగాను.

"ఏమో! ఇది ఒక్కతే ఆడుకునేది మాత్రం కాదు. ఒకరు అమ్మల్ల, ఒకరు కొనల్ల. నువ్వు పోయి కొను. అడిగినాక ఊరకుండల్ల, జవాబు కూడా నువ్వే చెప్పొద్దు. పేపరోళ్లకు శానా కష్టమేలే!"

రోజూ సాయంత్రం సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పేరుకున్న అరుగు మీద కూర్చుని, "ఎర్రగడ్డలుండాయామ్మా?" అని ఉల్లిపాయలు అడిగేవాణ్ని. స్వాతి గులకరాళ్లు తూచి నా ఒళ్లో పోసేది. "కిలోనా, అరకిలోనా? కిలోనే కదా?" అని నేను నోరు జారితే గోడ అవతల టీచర్ దగ్గేది. పిల్లకు మాట మాత్రం రాలేదు. "సాయంత్రమంతా రాళ్లు కొంటాండావు, ఇంట్లోకి ఒక్క కూరగాయ తెచ్చింది ల్యా" అని నా భార్య పద్మ దెప్పేది.

ఒకనాడు రాళ్లన్నీ నా ఒళ్లోకే చేరాయి. మళ్లీ ఎర్రగడ్డలు అడిగాను. స్వాతి ఖాళీ తక్కెడ వంక చూసింది, నా వంక చూసింది. వీధిలో ఒక లారీ వెళ్లింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

"అయిపాయ. రేపు రా" అంది.

పద్మ చేతిలో గరిటెతో బయటికొచ్చింది. "సరేనమ్మా, రేపొస్తా" అని నేను లేచి నిలబడ్డాను.

ఆ సంగతి చెప్పి, తక్కెడే ఇవ్వాలని ఎలా తోచిందని అడిగితే టీచర్ పకపకా నవ్వింది. "మా తమ్ముని కొడుక్కీ ఇదే ఇచ్చినా. ఆ పొద్దే తొక్కి పగలగొట్టె. ఏ పిల్లకు ఏది పట్టుకుంటాదో నాకేం తెల్సప్పా!"

అన్నేళ్లు పిల్లల మధ్య బతికిన మనిషే ఆ మాట అంది. తక్కెడ మాట్లాడించిందా, నేను కూర్చోవడమా, లేక డాక్టరు చెప్పినట్టు ఆ సమయం దానంతటదే వచ్చిందా? ఆమె ఇప్పుడు లేదు. ఉన్నా చెప్పేది కాదేమో.

కల్లూరు దుకాణంలో పనిచేసే అమ్మాయిని ఇద్దరు ఆడుకునేది ఏదైనా ఉందా అని అడిగాను. "ఇది తీస్కోండి సార్, పిల్లోడు ఒక్కడే గంటసేపు ఆడుకుంటాడు, మీ జోలికే రాడు" అంటూ ఇంకో పెట్టె చూపించింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ప్రశ్న అడిగాక ఎదుటివాళ్లు తడుముకుంటుంటే మాట అందించకుండా ఉండటం నాకు టీచర్ వల్లే అలవాటైంది. ఇప్పుడు మనవడు ఏదో చెప్పబోయి ఆగినప్పుడు కూడా, వాడికి ఎదురుగా నేల మీద కూర్చుని ఊరుకుంటాను. ఎంతసేపు ఊరుకోవాలో మాత్రం ఆమె చెప్పలేదు.