మగ్గాల వాడ నడుమ సున్నపు గీత

ఇప్పుడు పట్నంల ఎవలనన్న "మీదే వార్డు?" అని అడిగితే నంబరు చెప్పి ఊకుంటరు. మా రోజులు గట్ల లేకుండె. అప్పట్ల మా ఊర్లె వార్డంటే ఏందో తెలిసినోడు లేడు, వాడ అంటే తెల్వనోడు లేడు. మగ్గాల వాడ, కుమ్మరి వాడ, గడి ముంగటి వాడ, బజారు – ఎవలి వాడ వాళ్లది, ఎవలి పోచమ్మ వాళ్లది, కొట్లాటలు మాత్రం అందరివి. సుల్తానాబాద్ దాటినంక ఎడమ దిక్కు తిరిగితే వచ్చే ఊరు మాది. పేరు చెప్ప. చెప్తే ఇంకా బతికున్న మా బావలు ఊకోరు. గసొంటి ఊరికి పంచాయతి ఎలక్షన్లు వచ్చినయి, వాటి ఎంబడి వార్డులు వచ్చినయి, ఆ వార్డుల ఎంబడి నాకు నౌకరి వచ్చింది.

నౌకరి అంటే పెద్దగ ఊహించుకోకున్రి. ఎలక్షన్లు అయ్యేదాక పంచాయతి ఆఫీసుల రాసుకునే పని. పదోది రెండోసారి రాసి పాసైనోన్ని, మా మగ్గాల వాడల అంత సదువు సదివినోడు ఇంకోడు లేడు. నేను ఇస్త్రీ అంగీ ఏసుకొని వాడలకెల్లి నడుస్తుంటే కుక్కలు గూడ మర్యాదగ పక్కకు జరుగుతున్నయనే అనుకున్న. (అంగీకి గంజి నన్ను కన్న మా అవ్వ పెట్టేది. మగ్గాలోళ్ల ఇంట్ల గంజికి కరువేంది? కూసుంటే అట్టముక్క లెక్క పటపటమనేది.) ఆ నౌకరి ఇప్పిచ్చింది మా ఊరి పటేలు. అదే వచ్చింది తంటా.

ఊరి పటం మీద ఏ వార్డు యాడిదాక అని గీతలు గీసిండ్రు. పైనోళ్లు గీసిండ్రని చెప్పిండ్రు గని, పటేలు ఇంట్ల చాయ తాగుకుంట గీసిండ్రని ఊరంతా తెలుసు. ఆ గీత సక్కగ వచ్చి మా మగ్గాల వాడను నడుమల కోసింది. మీది సగం, పటేలు పెద్దిల్లు గడి ఉన్నది గదా, దాని ముంగటి వాడతోని కలిసింది, కింది సగం బజారుతోని కలిసింది. "గీతదేముందే, గీతే గద" అని నేనన్న. మా కులపెద్ద కండెల తాత నా దిక్కు జాలిగ చూసిండు. ఎప్పుడు చూడు చేతుల నూలు చుట్టిన కండె ఆడిస్తుంటడని ఆయనకు ఆ పేరు. "ఓరి సదువుకున్నోడా! వాడంత ఒక్క వార్డైతే మనోడు మెంబరైతడు. సగం సగం చేస్తే గడి ముంగట వాళ్లే ఎక్కువ, బజార్ల వాళ్లే ఎక్కువ. మనం ఏడ చూసినా తక్కువ. మనోడు మెంబరు కాకపోతే మనకు బాయి ఎవడు తవ్విస్తడు?" అన్నడు.

బాయి సంగతి చెప్పకపోతే మీకు సమజ్ కాదు. మా వాడల మంచినీళ్ల బాయి లేకుండె. మా ఆడోళ్లు బిందెలు పట్టుకొని గడి ముంగటి బాయికాడికి పోవాలె. ఆడ పటేలు ఇంటి బర్లు తాగినంక, బోళ్లు తోమినంక, వాళ్ల ముచ్చట్లు ఒడిసినంక మా వంతు. మా అవ్వ ఎండకాలంల పొద్దుగాల పోతే పొద్దెక్కినంక వచ్చేది. మొఖం ఎర్రగ కందిపోయి ఉండేది గని ఒక్క మాట అనేది గాదు. ఆ బాయి కోసమే వాడంత ఆశపడ్డది. గా ఆశకు అడ్డంగ గీత పడ్డది. ఆ గీత గియ్యాల్సింది నేను!

అవును మరి. "జనం కండ్ల చూసి అభిప్రాయం చెప్పాలె, కరీంనగర్ నుంచి సారు వచ్చి వింటడు, గందాక గీత నేల మీద కనబడాలె" అని హుకుం అయ్యింది. సున్నం బకీటు పట్టుకొని నేను బయలెల్లిన. పటంల ఉన్నది ఉన్నట్టు గీసుకుంట వస్తే ఆ గీత మా సొంత ఇంటి వాకిట్లకు వచ్చి, దర్వాజను ఒక దిక్కు, వంటపాకను ఇంకో దిక్కు చేసి పోయింది. అవ్వ నడుముల చెయ్యి పెట్టుకొని చూసింది. "మంచిగున్నది బిడ్డా. పండుడు ఒక వార్డుల, వండుడు ఒక వార్డుల. రేపు నీ పెండ్లాం వస్తే ఏ వార్డు కోడలు అనాలె?" అన్నది. వాడంత నవ్వింది. నేను సున్నం చేతులతోనే చెమట తుడుసుకున్న, ఇంకింత నవ్విండ్రు.

తెల్లారి లేచి చూస్తే గీత లేదు. యాడికి పోతది? పొద్దుగాల లేచి వాకిలి ఊడ్సి పెండనీళ్లతోని సాన్పి చల్లనిది మా ఆడోళ్లు పొయ్యి ముట్టియ్యరాయె. ఒక్కొక్క ఇంటి ముంగట సాన్పి పడ్డది, గీత కొట్టుకపోయింది. ఎక్కడన్న జర తెల్లగ మిగిలితే దానికి నాలుగు చుక్కలు పెట్టి ముగ్గు కలిపిండ్రు. నా గీత ఒకాడ పద్మమైంది, ఒకాడ తీగైంది. మళ్ల గీసిన. మళ్ల తెల్లారింది, మళ్ల సాన్పి. "అవ్వా, గిది సర్కారు గీతనే!" అంటే, "సర్కారు వచ్చి నా వాకిలి ఊడుస్తదారా?" అన్నది. ఒకనాడైతే ఇంకా పరేషాన్ అయ్యిన. వాడల గీత మాయమై, పటేలు కొట్టం చుట్టు తిరిగి, దున్నపోతును కట్టేసే గుంజకాడ ఆగింది. ఎవలు గీసిండ్రో ఎవలకు తెల్వదు. (వాడల అందరి ఆడోళ్ల చేతులు ఆ రోజు తెల్లగుండె. ముగ్గేసినం అన్నరు.) పటేలు నన్ను పిలిపిచ్చి, "నా దున్నపోతు ఏ వార్డుల పడ్డదిరా?" అని గర్జించిండు. "సారు వచ్చిననాడు గీత సక్కగ లేకపోతే నీ నౌకరి ఖతం" అన్నడు. నా గంజి అంగీ ఆడికాడనే మెత్తబడ్డది.

అభిప్రాయాలు రాసుకొమ్మన్నరని ఇల్లిల్లు తిరిగిన. అబ్బో, అవేం అభిప్రాయాలు! ఒకాయన, "గీత అవతలికి పిల్లనిస్తే ఊరిడిసి ఇచ్చినట్టా, ఊర్లనే ఇచ్చినట్టా?" అని అడిగిండు. ఇంకో ముసలమ్మ నన్ను కూసుండబెట్టి, ఉడికిచ్చిన మక్క గుడాలు చేతుల పెట్టి, "బిడ్డా, మన పోచమ్మ ఏ వార్డుల ఉన్నది?" అన్నది. "పోచమ్మకు ఓటు లేదవ్వా" అన్న. "ఓటే లేనప్పుడు ఏడాదికోసారి కోడి ఎందుకు కోస్తున్నంరా ఆమెకు?" అన్నది. నేను అది గూడ కాగితం మీద రాసుకున్న.

సారు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దుగాల్నే నేను బకీటుతోని గీత గీసి, దాని పక్కనే కావలి కూసున్న. అవ్వ నా పక్కకు వచ్చి, "నీ నౌకరి నువ్వు మంచిగ చెయ్యి బిడ్డా, ఫికర్ చెయ్యకు. మా పని మేం చేస్తం" అన్నది. ఆ మాటల్లనే ఏదో ఉన్నదని నాకు తెల్వాల్సింది, తెలువలే. జరసేపటికి వాడల మొగోళ్లు, ఆడోళ్లు అందరు బయటికి వచ్చి పడుగు పరుసుడు షురూ చేసిండ్రు. పడుగంటే బట్టల నిలువు దారాలు. మగ్గం ఎక్కియ్యకముందు వాటిని వాడ పొడుగూత సాగదీసి, నడుములెత్తున కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి కుంచెలతోని దువ్వుతరు. తడి ఆరేదాక దాన్ని ఎవలు దాటరాదు, కదిలియ్యరాదు. రోజూ ఇంటికొకటి చిన్నగ పరిచేటోళ్లు, ఆనాడు ఈ కొసకెల్లి ఆ కొసదాక పరిచిండ్రు. నా సున్నపు గీత ఎక్కడో దాని కింద గంజి చుక్కలల్ల తడుస్తున్నది.

జీపు వచ్చింది. సారు కోస్తా దిక్కు ఆయన, తెల్ల ప్యాంటు, మంచి మాట. పక్కన పటేలు, కొత్త తలపాగ. "గీత ఏదీ? చూపించండి" అన్నడు సారు. నేను పడుగు కిందికి చూపిచ్చిన. "కాస్త పక్కకి తీయమనండి మరి." కండెల తాత దండం పెట్టిండు. "తడి మీదున్నది సారూ. ముట్టుకుంటే తెగుతది. తెగితే గిందరి బువ్వ పోతది." పటేలు ఊకుంటడా? "నేను చూపిస్త రాన్రి సారూ" అని పడుగు కిందికెల్లి దూరిండు. తలపాగ దారాలకు తట్టుకొని గంజిల మునిగింది. ఆయన అవతల లేచెవరకు మీసాలకు గంజి కారుతున్నది. నవ్వితే నౌకరి పోతది, నవ్వకపోతే పానం పోతది. నేను బకీటుల మొఖం పెట్టి నవ్విన.

సారు పాపం మంచోడు. ఆరేదాక ఆగుత అన్నడు. గంతల్నే ఈ కొస పట్టుకున్న మా చిన్నబాపుకు ఏడలేని దగ్గు వచ్చింది (అంతకుముందు ఎన్నడు దగ్గంగ చూడలే). అవ్వ పరుగున వచ్చి, "సారూ, మా మరిదికి పానం మంచిగ లేదు. జర గీ కొస పట్టుకుంటరా? ఇడిస్తే అంత కిందపడ్తది" అన్నది. సారుకు ఏం చెయ్యాల్నో తోచలే, పట్టుకున్నడు. అవతలి కొసన, గీత దాటినంక ఎంతో దూరంల, కండెల తాత బిగువు కోసం ఒక్క గుంజు గుంజిండు. ఇక్కడ సారు తూలి ముందటికి పడబొయ్యి నిలదొక్కుకున్నడు. "అరే! అక్కడ లాగితే ఇక్కడ కదులుతోందే!" అన్నడు. మా అవ్వ, ఎన్నడు పరాయి మొగోని ముంగట గొంతు లేపనిది, కొంగు నెత్తి మీద సదురుకొని, "గదే సారూ మా వాడ. ఇగ ఎక్కడ కోస్తరో కొయ్యున్రి" అన్నది.

సారు ఆ కొస పట్టుకొని చానసేపు ఎండల నిలబడ్డడు. తరువాత చాయ తాగిండు, గుడాలు తిన్నడు, పోచమ్మ ఓటు సంగతి గూడ ఓపికతోని విన్నడు. పోయేటప్పుడు పటేలు దిక్కు తిరిగి, "ఈ వీధిని కొయ్యడం కుదరదండీ. ఇది మొత్తం ఒకే వార్డు" అన్నడు. మగ్గాల వాడ ఆనాడు మోగిన మోత నేను పోచమ్మ బోనాల నాడు గూడ ఇనలే. అవ్వ కండ్ల నీళ్లు తుడుసుకొని, "బాయి వచ్చినట్టే" అన్నది.

ఇగ మిగిలింది ఎలక్షన్ల గెలుసుడే. మరి మెంబరు ఎవలు? కండెల తాత అన్నరు. తాత నిలబడ్డడని తెలిసి ఆయన వియ్యంకుడు అలిగి తాను నిలబడ్డడు. పడుగు కొస పట్టుకున్నది నేను గదా అని మా చిన్నబాపు నిలబడ్డడు. మా మేనమామ ఎందుకు నిలబడ్డడో ఆయనకే తెల్వదు. పటేలు దిక్కుకెల్లి ఆయన లెక్కలు రాసే మునీము నిలబడ్డడు. వాడ రెండు ముక్కలు కావద్దని కొట్లాడినం, గెలిచి నాలుగు ముక్కలైనం. నేను ఇల్లిల్లు తిరిగి, కాగితం మీద గుర్తులు గీసి, "ఒక్క గుర్తు మీదనే ముద్ర గుద్దాలె, ఒక్కటే!" అని గొంతు పోయేదాక చెప్పిన. అందరు తల ఊపిండ్రు. మా అవ్వ అందరికంటె ఎక్కువ ఊపింది.

లెక్క పెట్టిన్నాడు నేను అక్కడనే ఉన్న. మా వాడోళ్ల ఓట్లు కట్టలు కట్టలు తీసి పక్కకు ఏస్తున్నరు – చెల్లవు, చెల్లవు, చెల్లవు. వాడ కొసకు పటేలు జీతగాళ్ల ఇండ్లు కొన్ని ఉండె. ఆ నాలుగు ఓట్లతోనే మునీము గెలిచిండు. ఇంటికి ఉరికొచ్చి, "అవ్వా, ఎవలకు గుద్దినవే?" అని ఒర్రిన. ఆమె బియ్యం చెరుగుకుంట తాపీగ, "అందరికి" అన్నది.

"అందరికంటే?"

"తాతకు గుద్దిన. ఆయన వియ్యంకునికి గుద్దకపోతే రేపు మొఖం ఎట్ల చూడాలె? మీ చిన్నబాపు ఇంటోడు, మీ మేనమామ నా తోడబుట్టినోడు. అందరు మనోళ్లేనాయె. వాడల అందరం గట్లనే అనుకున్నం."

నేను నెత్తి పట్టుకొని గడపల కూలబడ్డ. గప్పుడే మునీము పూలదండతోని వాకిట్లకు వచ్చి, గెలిచినందుకు దండం పెట్టిండు. అవ్వ లేచి నవ్వుమొఖంతోని, "సంతోషం బిడ్డా, నీకు గూడ గుద్దిన" అన్నది. ఆయన పోయినంక, "గాయనకు ఎందుకే?" అంటే, "గడపలకచ్చి చేతులు జోడిచ్చి అడిగినోన్ని ఉత్త చేతులతోని ఎట్ల పంపుదురా? ఇంత సదువు సదివినవు, గంత మర్యాద తెల్వదా?" అన్నది.

మునీము ఆనాడు ఏ ఇంటికి పోయినా అదే మాట ఇన్నడు: "నీకు గూడ గుద్దినం." అబద్ధం ఒక్కరు చెప్పలే. పిచ్చోడు, గుద్దుడు రాక ఓట్లు చెడిపోయినయి గని మగ్గాల వాడ మొత్తం పటేలును కాదని తనమీదనే పానం పెట్టుకున్నదని నమ్మిండు. ఏడ్సినంత పని చేసిండు. తెల్లారినుంచి పటేలు మాట ఇనలే. పంచాయతిల కూసొని, "నా వాడ, నా జనం, నా ఆడపడుచులు బిందెలు మోస్తుంటే నేను చూస్తనా?" అని బల్ల గుద్ది, పటేలుతోనే కొట్లాడి, ఎండకాలం రాకముందే మా వాడ నడుమ బాయి తవ్విచ్చిండు. పటేలుకు మాత్రం లెక్క ఎక్కడ తప్పిందో చచ్చేదాక సమజ్ కాలే.

నా నౌకరి ఎలక్షన్లతోనే పోయింది. తరువాత వేరే కొలువులు చేసిన, ఎన్నో ఎలక్షన్లల్ల కూసున్న, ఎందరికో "ఒక్కటే, ఒక్కటే" అని చెప్పిన. అవ్వ పోయి చాన ఏండ్లైంది. నేను ముసలోన్నైన. ఇప్పటికి నా ఓటు ఒక్కదాని మీదనే ఏస్త, సదువుకున్నోన్ని గదా. ఏసి బయటికి వస్తుంటే మాత్రం, గేటుకాడ చేతులు జోడిచ్చుకొని నిలబడ్డ మిగిలినోళ్ల మొఖాలు చూడబుద్ది కాక తల దించుకొని వస్త.